కౌంటర్ దగ్గరి ఆవిడ ఎవరి మనిషి

కోర్టుల సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని మా అల్లుడితో ఎన్నోసార్లు అన్నాను. ఊళ్లో ఏళ్ల తరబడి భూమి దావా నడిపి గెలిచానని కూడా చెప్పాను. నడిపింది మా అన్నయ్య. నేను రెండు వాయిదాలకు తోడు వెళ్లి, బయట బడ్డీ దగ్గర టీ తాగుతూ కూర్చున్నాను. కానీ ఒక్కటి మాత్రం నిజంగా చూశాను. అక్కడి గుమస్తా ఫలానా ప్లీడరు దగ్గరికి వెళ్లమంటే, ఆ ఫీజులో అతనికి వాటా ఉండేది.

అల్లుడు మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో ఒక గోడౌన్ నుంచి వ్యాన్‌లో సరుకు చేరవేస్తాడు. వేగంగా నడుపుతూ దొరికాడని మెల్‌బోర్న్ కోర్టుకి రమ్మన్నారు. లైసెన్స్ పోతే ఉద్యోగం పోతుంది. పొద్దున మా అమ్మాయి పెట్టిన ఇడ్లీలు అతను ముట్టుకోలేదు. అనుభవజ్ఞుణ్ణి కదా, నేనూ బయల్దేరాను.

కౌంటర్ వెనక కూర్చున్న ఆవిడ అతని పేరు రాసుకుని, పక్క గదిలో లాయరున్నాడు, డబ్బులక్కర్లేదు, జడ్జి ముందుకు వెళ్లేలోపు మాట్లాడమంది. అల్లుడు అటు కదిలాడు. నేను చొక్కా పట్టుకుని ఆపాను.

"కూర్చోండి బాబూ. డబ్బులక్కర్లేదనేది మొదట్లోనే. ఆవిడకీ ఆ లాయరుకీ ఏవో లెక్కలుంటాయి."

కాదనలేక కూర్చున్నాడు. ఒక్కొక్కరినీ లోపలికి పిలుస్తున్నారు. పిలుపు వినిపించినప్పుడల్లా అతను లేవబోయి మళ్లీ కూర్చునేవాడు. నాకూ లోపల భయంగానే ఉంది, కానీ పైకి కాలు మీద కాలు వేసుకునే ఉన్నాను.

కాసేపటికి ఆవిడే లేచి మా దగ్గరికొచ్చింది. లాయరు వెళ్లిపోయే వేళయింది, ఇప్పుడే వెళ్లమంది. ఇంత తొందరపెడుతోందంటే నా అనుమానం నిజమే అనుకున్నాను. ఇందులో మీకేంటి లాభమని గర్జించానని తర్వాత గుళ్లో స్నేహితులకు చెప్పుకున్నాను. నిజానికి గొణిగానంతే. ఆవిడకి వినపడకపోతే, ఆ ప్రశ్న అల్లుడే తలదించుకుని మళ్లీ అడగాల్సి వచ్చింది.

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. "ఏం చెప్పాలో తెలియకుండా లోపలికి వెళితే వాయిదా పడుతుంది. మీ ఫైలు మళ్లీ నా బల్ల మీదికే వస్తుంది. నాకున్నవి చాలు."

అంటే ఆవిడకీ స్వార్థముంది. అది మాకు పనికొచ్చే స్వార్థమవుతుందని మాత్రం నాకు తట్టలేదు. అల్లుడు నా వైపు చూడకుండా ఆ గదిలోకి పరుగెత్తాడు. లాయరు అప్పటికే సంచి భుజాన వేసుకున్నాడట. నిలబడే అంతా విని, అల్లుడితోపాటు కోర్టు హాల్లోకి వెళ్లాడు.

లైసెన్స్ నిలిచింది. జరిమానా వేశారు, మళ్లీ దొరికితే దయ ఉండదన్నారు.

దారిపొడవునా అల్లుడు వ్యాన్ ఎంత నెమ్మదిగా నడిపాడంటే, వెనకవాళ్లు హారన్ మోగిస్తూనే ఉన్నారు. ఇంటికి రాగానే అమ్మాయి తలుపు తీసి, "ఏమైంది నాన్నా?" అంది.

నేను అల్లుడి వైపు చూశాను.

"లైసెన్స్ ఉంది," అని అతను లోపలికి నడిచాడు. నేను ఆపిన సంగతి కూడా చెబుతాడేమోనని, నేను గుమ్మం దగ్గరే చాలాసేపు చెప్పులు విప్పుతూ ఉండిపోయాను.