సైటు చూసినట్టు సంతకం

మా ఊరికీ తారురోడ్డుకూ మధ్య ఒక వంక అడ్డం ఉంది. ఎండాకాలం దాంట్లో మేకలు పడుకుంటాయి. వానాకాలం పాలవ్యాను అవతలి గట్టునే ఆగిపోతుంది, పాలక్యాన్లు నెత్తిన పెట్టుకుని మేమే దాటుకుంటాం. ఒక ఏడు వచ్చిన నీళ్ళకు మా పాడి ఎనుము కొట్టుకుపోయింది. నీళ్ళు తీసిన మరుసటి రోజు నేను గట్టు మీది పెద్ద బండరాయి, నల్లగుండు దగ్గరికి పోయి, బురదచార ఎంత ఎత్తున నిలిచిందో చూసి, అక్కడ ఉలితో గాటు పెట్టాను. ఆ గాటు ఇప్పటికీ ఉంది.

నేను ఐదో తరగతి కాంట్రాక్టరును. రిజిస్టరైన కాంట్రాక్టర్లలో అట్టడుగు మెట్టు అది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు చుట్టుపక్కల మురుగుకాలువలు, బడి ప్రహరీలు, సిమెంటు రోడ్లు వేశాను. నేను కట్టిన గోడ ఒక్కటి కూడా పడలేదు. మా వంక మీద కల్వర్టుకు టెండరు పిలిచారని తెలిసినప్పుడు ఈ పని నాకే రావాలి అనుకున్నాను. ఎస్టిమేటు తెప్పించి చూశాను. కల్వర్టు పైమట్టం నేను పెట్టిన గాటుకు మూడడుగుల కింద ఉంది. గీసినవాడు ఎండాకాలంలో వచ్చి, మేకలను చూసి గీసి ఉంటాడు. పని నా చేతిలో ఉంటే పైవాళ్ళ చుట్టూ తిరిగి, బతిమాలో గొడవపడో ఆ మూడడుగులు పెంచుకునేవాణ్ణి. ఇంకొకడి చేతిలో పడితే కాగితంలో ఉన్నదే కట్టి, బిల్లు చేసుకుని పోతాడు.

కొత్తగా లైసెన్సు తీసుకున్న పిల్లకాయలు ఇప్పటికీ నా దగ్గరికి వచ్చి, "గవర్నమెంటు పనులు ఎట్ల పట్టాల మామా?" అని అడుగుతుంటారు. లైసెన్సు ఉండాలి, డిజిటల్ కీ ఉండాలి, చేసిన పనుల సర్టిఫికెట్లుండాలి, ధరావతు కట్టాలి, అందరికంటే తక్కువ రేటు వేయాలి. ఇదంతా వాళ్ళకూ తెలుసు. అంతా కంప్యూటరులో జరుగుతోంది కాబట్టి మోసం లేదని కూడా వాళ్ళే నాకు చెబుతారు. నేను టెండరు షెడ్యూలులో ఒక చిన్న షరతు మీద వేలు పెట్టి చూపిస్తాను. టెండరు వేసేవాడు సైటుకు స్వయంగా పోయి చూడాలి, చూసినట్టు అక్కడి ఏఈ, అంటే అసిస్టెంటు ఇంజనీరు, సంతకం చేసి సీలు వేసిన కాగితం జతచేయాలి. ఆ కాగితం లేకపోతే నీ రేటు ఎంతో చూసే దిక్కు కూడా ఉండదు.

షరతు మంచిదే. సైటు చూడకుండా రేటు వేసేవాణ్ణి నేను కూడా నమ్మను. అందుకే నోటీసు వచ్చిన మూడోరోజు తెల్లచొక్కా వేసుకుని ప్రొద్దుటూరులోని ఆ ఆఫీసుకు పోయాను. డిపార్టుమెంటు పేరు రాయను. రాస్తే పక్క డిపార్టుమెంటువాళ్ళు తాము మంచివాళ్ళమనుకుంటారు.

అటెండరు ఒక కుర్చీలో కూర్చుని, ఇంకో కుర్చీలో అన్నం క్యారియరు పెట్టుకున్నాడు. నన్ను నిలబెట్టాడు.

"సారు ల్యాడు."

"యాడికి పోయినాడు?"

"ఫీల్డుకు."

"ఏ ఫీల్డు?"

"ఫీల్డంటే ఫీల్డే. నీకు చెప్పి పోవాల్నా?"

క్యారియరు కూర్చున్న ఆ కుర్చీని నేను ఇప్పటికీ మరిచిపోలేదు. లోపల గుమాస్తా తల ఎత్తి, ఏం పనప్పా అన్నాడు. చెప్పాను.

"సైటు చూసినావా?"

"మా ఊరే సామీ అది. నడక నేర్చినప్పటి నుంచి దాంట్లో దిగి ఎక్కుతాండా. దాంట్లో ఎన్ని గుండ్లుండాయో అడుగు, చెప్తా."

"దిగినావు, ఎక్కినావు, సరే. ఏఈ సారుతో కలిసి చూసినావా?"

"ల్యా."

"అయితే చూడనట్టే." ఆయన మళ్ళీ కాగితాల్లోకి తల దించుకున్నాడు.

మర్నాడు జమ్మలమడుగు ఆఫీసులో ఉంటాడంటే అక్కడికి పోయాను. "ఇప్పుడే పాయ. కుర్చీ తాకి చూడు, ఇంకా ఎచ్చగుంటాది," అన్నాడు అక్కడి కుర్రగుమాస్తా. గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నిజంగా తాకుతానేమోనని చూశారు కూడా. ఫోను చేస్తే రెండుసార్లు మోగి కట్ అయ్యేది. మూడోసారికి స్విచాఫ్.

గురువారం పులివెందులలో పైఅధికారి మీటింగు పెట్టాడని, ఇంజనీర్లంతా అక్కడే ఉంటారని తెలిసింది. ముద్దనూరు మీదుగా బండిలో పోయాను. పది గంటల నుంచి గేటు దగ్గర నిలబడ్డాను. కిటికీలోంచి మా ఏఈ సారు రెండో వరసలో కూర్చుని ఉండటం కనబడుతూనే ఉంది. బజ్జీలు లోపలికి పోయాయి, ఖాళీ పళ్ళేలు బయటికి వచ్చాయి. నాలుగు గంటలకు మీటింగు ముగిసింది. మిగతావాళ్ళంతా ముందు గేటు నుంచి వచ్చారు. ఆయన వెనక గేటు నుంచి పోయాడు. వాచ్‌మన్ జాలిపడి, "శ్రావణ శనివారం కదా పెద్దాయనా, సారు తప్పకుండా గండికి పోతాడు, ఆడ పట్టుకో," అన్నాడు. టెండరు గడువు సోమవారం మూడు గంటలకు.

శనివారం తెల్లారి లేచి బయల్దేరుతుంటే నా భార్య గుమ్మంలో నిలబడి, "ఇంటి ముందర వంకను చూసినానని రాపిచ్చుకునేదానికి గండికి పోయేటోడు ఈ జిల్లా మొత్తానికి నువ్వొక్కనివే," అంది. నేను బండి తీశాను. పులివెందుల దాటి, వేముల దాటి గండి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. పాపాఘ్ని ఒడ్డున చెప్పులు విడిచి, క్యూలో నిలబడి, ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని బయటికి వచ్చాను. మంటపం నీడలో సారు దొరికాడు. నొసట సింధూరం, చేతిలో విస్తరాకు, దాంట్లో ప్రసాదం వడలు.

"ఏమప్పా, గుళ్ళో కూడా వదలవా?"

"ఆఫీసులో దొరికితే గుడికెందుకు వస్తా సార్? సోమవారం మూడు గంటలకు గడువు. సైటు చూసినట్టు సంతకం కావాల."

"చూడకుండా ఎట్ల పెడ్తా? రూలు ఒప్పుకోదు కదా."

"పోదాం రండి సార్. నా బండ్లోనే తీస్కపోతా."

"దేవుని దగ్గరికొచ్చి దయ్యాల వంకకు పోదామంటావేందప్పా!" అని ఆయన నవ్వాడు. డ్రైవరూ నవ్వాడు. "సోమవారం ప్రొద్దుటూరు ఆఫీసుకు రా, పని చేసి పెడ్తా."

ఆయన ఒక వడ తిన్నాడు. ఒకటి డ్రైవరుకిచ్చాడు. ఎదురుగా తోక లేపిన కోతికి ఒకటి విసిరాడు. విస్తరాకులో ఇంకా నాలుగున్నాయి. అరవై మైళ్ళు బండి మీద పోయి ఎదురుగా నిలబడ్డ నాకు ఆయన వడ పెట్టలేదు. దేవుడి ప్రసాదం అది, ఆయన అబ్బ సొమ్ము కాదు.

సోమవారం తొమ్మిది గంటలకే పోయి ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. సారు పన్నెండున్నరకు వచ్చాడు. సైటుకు పోదామా అన్నాను. టైము యాడుందప్పా అన్నాడు. నా బండి సీటు మీదే కాగితం పెట్టి గీకేశాడు. శనివారం ఒప్పుకోని రూలు సోమవారం ఎట్లా ఒప్పుకుందో నేను అడగలేదు. అవసరం నాది.

"సీలు సార్?"

"సీలు హెడ్డుగుమాస్తా బీరువాలో ఉంది. ఆయన పెండ్లికని ఖాజీపేటకు పోయినాడు. తాళాలు ఆయన జేబులో ఉంటాయి."

"ఎట్ల సార్ మరి?"

"సీలుదేముందప్పా, రబ్బరు ముక్క. సంతకం ముఖ్యం. పోయి ఎక్కిచ్చుకో."

ఎక్కించాను. నెట్‌సెంటరు పిల్లవాడు రెండు ముప్పావుకు అంతా పంపించి రసీదు చేతిలో పెట్టాడు. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది. అందుకు ఇప్పుడు సిగ్గుపడతాను.

వారం తర్వాత కంప్యూటరులో నా పేరు పక్కన ఒక్క వాక్యం వచ్చింది. సైటు సందర్శన పత్రం మీద కార్యాలయ ముద్ర లేనందున తిరస్కరించడమైనది. నా రేటు కవరు తెరవనే లేదు. ఐదుగురిలో ముగ్గురం అట్లాగే పోయాం. మిగిలిన ఇద్దరిలో ఒకరు ప్రొద్దుటూరులో ఉండే పెద్ద కాంట్రాక్టరు, రెండోవాడు ఆయన బామ్మర్ది.

పోయి సారును అడిగాను. "రూలు రూలే కదప్పా. సీలు తెచ్చుకోవాల్సింది," అన్నాడు. సీలు ముఖ్యం కాదన్న నోటితోనే.

టెండరు వేసినవాళ్ళకు అందరి కాగితాలూ కంప్యూటరులో కనిపిస్తాయి. డబ్బులిచ్చి ప్రింటు తీయించుకున్నాను. బావా బామ్మర్దుల కాగితాలు రెండింటి మీదా నిండు చంద్రుడిలా గుండ్రటి సీలు ఉంది. రెండింటి మీదా ఒకటే తేదీ. ఆ తేదీ గురువారం. నేను పులివెందుల గేటు దగ్గర ఎండలో నిలబడి కిటికీలోంచి ఏ మనిషినైతే చూస్తూ ఉన్నానో, ఆ మనిషి అదే పూట ముప్పై మైళ్ళవతల మా వంకలో నిలబడి వీళ్ళిద్దరికీ సైటు చూపించాడట. ఆ కాగితాలు చేత్తో పట్టుకుంటే అశుద్ధం తొక్కినట్టనిపించింది. పని ఆ పెద్ద కాంట్రాక్టరుకు పోయింది.

వానలు వెనకబట్టినాక, పుష్యమాసంలో ఒక పొద్దున నేను అరుగు మీద కూర్చుని, గోడ నిలువు చూసే గుండుదారం చిక్కు తీసుకుంటున్నాను. సిమెంటు పైపులేసుకున్న లారీ ఒకటి వంక దాటి వచ్చి మా ఇంటి ముందు ఆగింది. చొక్కా నలగని మనిషి దిగాడు. ఆ పెద్ద కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు.

"అప్పా, ఈడ కల్వర్టు కట్టాలంట. వంక యాడుంది?"

నేను గుండుదారం కింద పెట్టాను. "ఇప్పుడు నువ్వు దాటొచ్చిందేంది?"

"అదేనా! కాల్వ అనుకుంటిమి. దాంట్లో యాడ కట్టాల? దావ ఉన్నకాడనా, ఆ కింద పశువులు దిగేకాడనా?"

"మీ సారు చూడలేదా?"

"మా సారు ఈ పక్క యాడికొచ్చినాడు? ఏఈ సారు ఫోన్లో చెప్పినాడు, నల్లగుండు అని. గుండ్లన్నీ నల్లగనే ఉండాయి ఈడ."

ముందు చెప్పకూడదనే అనుకున్నాను. పశువులు దిగేచోట కట్టుకుని చావనీ అనిపించింది. కానీ అక్కడ కడితే దారే ఉండదు, మళ్ళీ క్యాన్లు మోయాల్సింది మేమే. లోపలికి పోయి తెల్లకాగితం, పెన్ను తెచ్చాను.

"చూపిస్తా. ఒక మాట రాసియ్యి. ఈ సైటును ఈ పొద్దే మొదటిసారి చూస్తున్నామని, చూపించింది నేనని."

"ఏందప్పా, దావ చూపిచ్చేదానికి రసీదా?" అంటూ వాడు యజమానికి ఫోను చేశాడు. అవతలి గొంతు నాక్కూడా వినబడింది: "ఎవుడు, ఆ సీలు లేనోడా? రాసీ, పోనీ. ముసలోనికి పిచ్చి లేసింది."

వాడు నిలబడే రాసి సంతకం చేశాడు. తేదీ కూడా వేయించాను. తర్వాత నల్లగుండు దగ్గరికి తీసుకుపోయి గాటు చూపించాను. "నీళ్ళు ఈడిదాకా వస్తాయి నాయనా. మూడడుగులు లేపాల. మీ సారుకు చెప్పు."

"ఎస్టిమేటులో ఎంతుంటే అంతేనప్పా. లేపేది, దించేది మా పని కాదు."

ఆ కాగితానికీ గురువారం కాగితాలకూ నకళ్ళు తీయించి, పులివెందుల మీటింగు సంగతి కూడా రాసి, పైఅధికారికి రిజిస్టరు పోస్టు చేశాను. నెల తర్వాత ఏఈ సారు నుంచి ఫోను వచ్చింది. నా ఫోను ఎత్తని మనిషి తానే చేశాడు.

"ఏమప్పా, నా మీద పిటిషను పెట్టినావంట. విచారణ నన్నే చేయమన్నారు. బుధవారం ఆఫీసుకొచ్చి స్టేట్‌మెంటియ్యి."

బుధవారం పోయాను. అటెండరు అదే కుర్చీలో ఉన్నాడు. క్యారియరు కూడా. "సారు ఫీల్డుకు పోయినాడు," అన్నాడు. సాయంత్రం దాకా నిలబడి వచ్చేశాను. ఫిర్యాదుదారు విచారణకు హాజరు కానందున పిటిషను ముగించడమైనదని పోస్టులో జవాబు వచ్చింది. దాన్ని కూడా ఫైలులో పెట్టాను. మళ్ళీ పిటిషను రాశాను. ఇప్పటికి నాలుగైనాయి.

కల్వర్టు రెండు నెలల్లో ముగిసింది. గట్టు మీద పని పేరు, కాంట్రాక్టరు పేరు రాసిన పసుపు బోర్డు పాతారు. ఆ ఏడు వానకు వంక నిండింది. పొద్దున్నే పోయి చూస్తే బోర్డు కనిపిస్తోంది, కల్వర్టు కనిపించడం లేదు. ఎర్రటి నీళ్ళు నల్లగుండు గాటును తాకుతూ పోతున్నాయి. అవతలి గట్టున పాలవ్యాను హారను కొడుతోంది.

"చెప్పినావు కదా మూడడుగులని," అంది నా భార్య. ఈసారి ఎగతాళి లేదు ఆ గొంతులో.

నేను పంచె ఎగగట్టి, క్యాను నెత్తిన పెట్టుకుని దిగాను. అరికాళ్ళకు కొత్త సిమెంటు నున్నగా తగిలింది. దాని మీదే నడిచాను. నీళ్ళు మోకాళ్ళు దాటి తొడల దాకా, సరిగ్గా మూడడుగులు వచ్చాయి. నడివంకలో ఆగి, కింద ఉన్న కల్వర్టు మీద ఉమ్మేసి, అవతలి గట్టు ఎక్కాను.