పేతురు లేని రెండు అధ్యాయాలు

మత్తయి సువార్త ఇరవై ఎనిమిది అధ్యాయాలూ నేను నాన్న నోటి నుంచి విన్నవే. నాన్న కొల్లేరు ఒడ్డున చేపల చెరువుల మీద కూలికి వెళ్ళేవారు. ఆదివారం మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని మా పేట చర్చిలో పిల్లలకు సండే స్కూలు చెప్పేవారు. యేసు పుట్టుక, బాప్తిస్మం, కొండ మీద ప్రసంగం, సిలువ, మూడో రోజున తిరిగి లేవడం, అన్నీ వరసగా. కొండ మీద ప్రసంగం దగ్గరకొచ్చేసరికి ఆయన గొంతు మారిపోయేది. అవునంటే అవును, కాదంటే కాదు, మధ్యలో నసుగుడు పనికిరాదన్న ఆ ఒక్క మాట పట్టుకుంటే మిగతా సువార్తంతా దానంతటదే వస్తుందనేవారు.

యేసు శిష్యుల్లో పేతురంటే మాత్రం నాన్నకు చులకన. యేసును బంధించి తీసుకెళ్ళాక, ప్రధాన యాజకుడి వాకిట్లో ఒక పనిపిల్ల పేతురును గుర్తుపట్టింది. నేను కాదన్నాడు. ఇంకో పిల్ల గుర్తుపట్టింది. మళ్ళీ కాదన్నాడు. నీ యాసే నిన్ను పట్టిస్తోందని అక్కడున్నవాళ్ళు అంటే, ఆయనెవరో నాకు తెలియదని ఒట్టు పెట్టుకున్నాడు. మూడోసారి కాదనగానే, యేసు ముందే చెప్పినట్టు కోడి కూసింది.

"కత్తులు పట్టుకున్నవాళ్ళు కూడా కాదర్రా! అంట్లు తోముకునే ఆడపిల్లలు అడిగితేనే హడలిపోయాడు. ఏం మనిషర్రా బాబూ!" అని నాన్న కళ్ళు గుండ్రంగా తిప్పితే మేం పడీ పడీ నవ్వేవాళ్ళం.

నాకు తాడేపల్లిగూడెం దగ్గర ఒక స్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చింది. ఎస్సీ కోటాలో వచ్చింది. నా సర్టిఫికెట్‌లో మతం హిందూ అని ఉంటుంది. మా పేటలో అందరి సర్టిఫికెట్లలోనూ అంతే. క్రైస్తవులమని రాయించుకుంటే ఎస్సీలం కాకుండా పోతాం. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని చూసే చూపు మాత్రం అంగుళం మారదు. అందుకని కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటి. దీన్ని అబద్ధమని మా పేటలో ఎవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు.

ఉద్యోగంలో కుదురుకున్నాక ఎవరో మా పైవాళ్ళకు ఆకాశరామన్న ఉత్తరం రాశారు. ఫలానా టీచరు క్రైస్తవురాలు, ఆమె తండ్రి సండే స్కూలు చెబుతాడు, విచారించండి అని. మా స్టాఫ్ రూములో ఒకామె మీద నాకు అనుమానం. రుజువు లేదు. రుజువు లేకపోయినా ఆమెను చూస్తే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

ఎంక్వయిరీకి మనిషి వస్తున్నాడని తెలిసి, గోడ మీద వాక్యాల కేలండరు, గుమ్మం మీద సిలువ నేనే తీసి బియ్యం డబ్బాలో దాచాను. నాన్నకు ఒక మాట నేర్పించాల్సి వచ్చింది. మావాళ్ళు ఎదురుపడితే "వందనాలండీ" అనుకుంటారు. ఆ మాట వింటే చాలు, క్రైస్తవులని ఎవరైనా పోల్చుకుంటారు. వారం రోజులు నేను గుమ్మంలోంచి లోపలికి రావడం, నాన్న లేచి "నమస్కారమండీ" అనడం. పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పాను. ఆయన బుద్ధిగా నేర్చుకున్నారు.

ఏలూరు నుంచి ఆ ఆఫీసరు వచ్చాడు. నాన్న గబుక్కున లేచి రెండు చేతులూ జోడించి, "వందనాలండీ" అన్నారు.

నేను వంటింట్లో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయాను.

ఆఫీసరు నవ్వాడు. "మీ మాటే చెప్పేస్తోంది కదండీ పెద్దాయనా. చర్చికి వెళతారన్నమాట."

"లేదండి."

"బాప్తిస్మం?"

"లేదండి. మేం హిందువులవండి."

"మరి పిల్లలకు యేసు గురించి చెబుతారటగా?"

"అబ్బే, ఆ సంగతులు నాకేం తెలుస్తాయండి" అన్నారు నాన్న.

ఇరవై ఎనిమిది అధ్యాయాలు నోటికి వచ్చిన మనిషి! ఆయన గొంతు వణకలేదు. నేను కాఫీ తెచ్చి పెట్టాను. ఆఫీసరు ఏదో రాసుకుని కాఫీ తాగి వెళ్ళాడు. ఫైలు మూతపడింది.

ఆ ఆదివారం నుంచి నాన్న సండే స్కూలు మానేశారు. చర్చికి వచ్చేవారు కానీ ఆఖరి వరసలో కూర్చునేవారు. నెలకోసారి మాకు రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. దాన్ని బల్ల తీసుకోవడం అంటాం. అందరూ లేచి ముందుకు వెళితే నాన్న కూర్చునే ఉండేవారు. మనుషుల ముందు నన్ను ఎరగనన్నవాణ్ణి నేనూ ఎరగనంటానని యేసు చెప్పాడు కదా, ఏ మొహం పెట్టుకుని వెళ్ళనూ అనేవారు. మేం అయ్యగారని పిలిచే మా పాస్టరుగారు ఎంత నచ్చజెప్పినా లేవలేదు.

ఒకసారి నేనే వాదానికి దిగాను. "పేతురు ఏడ్చాడుగా నాన్నా. యేసు ఆయన్ను వదిలెయ్యలేదుగా."

"మత్తయిలో చూడమ్మా. బయటకు వెళ్ళి ఏడ్చాక పేతురు పేరు మళ్ళీ లేదు. ఆ తర్వాత రెండు అధ్యాయాలున్నాయి. రెంటిలోనూ లేదు."

వెతికాను. నిజమే. "చివర్లో పదకొండుమంది శిష్యులు కొండ మీదికి వెళ్ళారని ఉందిగా, అందులో ఆయన లేడా?" అన్నాను.

"లెక్కలో ఉన్నాడమ్మా. పేరు రాయలేదు."

మిగతా సువార్తల్లో ఉందన్నాను. మనం చదువుకున్నది ఇదే కదా అన్నారు.

మూడేళ్ళకు కిడ్నీలు పాడై నాన్న ఏలూరులో ఒక ఆసుపత్రిలో పడ్డారు. ఇక ఎక్కువ రోజులు లేవని డాక్టరు నాతో చెప్పాడు. నాన్నకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. "అయ్యగారిని రమ్మనమ్మా. బల్ల తీసుకోవాలనుంది" అన్నారు. నేను వరండాలోకి వెళ్ళి ఏడ్చి, అయ్యగారికి ఫోన్ చేశాను. మర్నాడు మధ్యాహ్నం వస్తానన్నారు. నాన్న ఆ మర్నాడు గడ్డం గీయించుకున్నారు. పొద్దుటి నుంచీ గుమ్మం వైపే చూపు.

అయ్యగారి కంటే ముందు ఆ స్టాఫ్ రూమామె వచ్చింది. బత్తాయిలు తెచ్చింది. మంచం పక్కన కుర్చీ లాక్కుని ట్రాన్స్‌ఫర్ల గురించి మొదలుపెట్టింది. గంటయినా లేవలేదు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను.

అయ్యగారు తెల్ల అంగీతో, చేతిలో రొట్టె, ద్రాక్షరసం ఉన్న చిన్న సంచీతో గుమ్మంలో నిలబడ్డారు. "వందనాలమ్మా" అన్నారు.

ఆమె నా మొహంలోకి చూసింది.

"మీరు వేరే పేషెంటు కోసం వచ్చినట్టున్నారండి. పక్క వార్డులో అడగండి" అన్నాను.

ఎలా అన్నానో తెలియదు. నోరు దానంతటదే అంది. అయ్యగారు నన్ను చూసి, నా భుజం మీదుగా నాన్నను చూశారు. నాన్న మోచేతుల మీద కొంచెం లేచారు.

"మేం కాదండి. మీరెవరో నాకు తెలీదు" అన్నారు. పడుకుని గోడ వైపు తిరిగారు.

అయ్యగారు తల వంచుకుని వెళ్ళిపోయారు. ఆమె ఇంకో పావుగంట కూర్చుంది.

ఆమె వెళ్ళగానే కిందికి పరిగెత్తాను. అయ్యగారు లేరు. ఫోన్ చేస్తే, "రేపు పొద్దున్నే వస్తానమ్మా, నాన్నగారికి చెప్పు" అన్నారు. పైకి వచ్చి నాన్నకు చెప్పాను. క్షమించమని అడుగుదామని మంచం మీద కూర్చున్నాను. ఆయన నా చెయ్యి నిమిరారు.

"ఉద్యోగం జాగ్రత్తమ్మా" అన్నారు.

తెల్లారేసరికి నాన్న లేరు. అయ్యగారు ఏడు గంటలకు వచ్చారు, సంచీ విప్పలేదు. నాకు ఉద్యోగం ఉంది.