మూత తీయని పెట్టె

కోరుట్ల నుంచి సిరిసిల్ల పోయే బస్సులో, ఫోన్‌లో ఒక క్రైమ్ సినిమా చూస్తున్నాను. హంతకుడెవరో మొదటి సీన్‌లోనే చెప్పేసే వింత సినిమా అది. పక్క సీట్లో నడివయసు ఆమె కూడా చూస్తోంది. కానీ స్టేజీ వచ్చినప్పుడల్లా తల ఎత్తి, ఎక్కే మగవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూసేది. ఎవరో వచ్చేది ఉందనుకున్నాను.

కథలాపూర్ దాటాక సినిమా అయిపోయింది. ఎట్లుందని అడిగాను.

“మంచిగనే తీసిండు సారూ. సంపినోడెవడో ముందుగాల్నే చెప్పిండు. ఇగ ఎందుకు సంపిండోనని పానం కొట్టుకుంటనే ఉంటది. గని ఒక్కకాడ అబద్ధం తీసిండు.”

“ఎక్కడ?”

“దుబాయి నుంచి పీనుగు పెట్టె అచ్చినంక, పెండ్లాం మూత తీయించి మొగని మొఖం సూసింది గదా. గట్ల సూడనియ్యరు. మా ఆయన పెట్టె అచ్చిననాడు ‘తియ్యకుండ్రి, సూడలేరు’ అన్నరు. పెట్టెతోనే కాలవెట్టిర్రు. మీద రాసున్న పేరు మా బిడ్డ సదివి చెప్తె నమ్మిన.”

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఎన్నేళ్లయిందమ్మా అన్నాను.

“తొమ్మిదేండ్లు.”

బస్సు ఆగింది. ఆమె తల ఎత్తింది. ఈసారి ఎక్కేవాళ్ల ముఖాలు నేనూ చూశాను.