వెనక నుంచి వచ్చే కారు

నవంబరు ఏడో తేదీ, శుక్రవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా పాత యాంప్లిఫయరు, దాని రెండు స్పీకర్లు మనామాలో, మహూజ్ పేటలోని ఈ ఫ్లాటు గడప దాటాయి. పంపింది నేనే. ఇంట్లోకి కొత్త వస్తువు వస్తే, ఆ పని చేసే పాతది అదే రోజు బయటికి పోవాలని నా నియమం. రెండు గదుల ఇంట్లో మరోలా సాగదు. వచ్చింది ఒక వరుసలో, పోయింది ఒక వరుసలో నోటుపుస్తకంలో రాస్తాను. ఆ రోజూ రాశాను. కొత్తదాన్ని ఆన్ చేసి చూసింది మాత్రం పదకొండూ ఐదుకి.

ఆ యాంప్లిఫయరు మావారి ఆట కోసం. మా అమ్మాయి చిన్నప్పుడు కొన్న వీడియోగేము పెట్టె, అందులో కార్ల పందెం. అమ్మాయి ఇప్పుడు ఇక్కడే ఆసుపత్రిలో డ్యూటీలు చేస్తోంది. ఆట ఆయనకు మిగిలింది. ఆయనకు నీటికాసులు. చూపు అంచుల నుంచి తగ్గుతూ వచ్చి ఇప్పుడు ఎదురుగా అరచేయంత మేర కనిపిస్తుంది. రోడ్డుకి అది చాలు. పక్కలకీ వెనక్కీ చెవులే ఆధారం. కుర్చీ వెనకున్న స్పీకర్లలో ఎడమవైపు హోరు పెరిగితే ఎడమకి జరిగి దారి మూసేవారు. ఎనిమిది కార్లలో మూడో స్థానం కంటే తగ్గేవారు కాదు. ప్రతి శుక్రవారం అరగంట ఆట అయ్యాక ఆ అంకె నేను రాసేదాన్ని. ఆ అరగంటా చెప్పులెక్కడ, కళ్ళజోడెక్కడ అని నన్నేమీ అడిగేవారు కాదు.

యాంప్లిఫయరు ఆగస్టు నుంచి గుయ్యిమంటోంది. అందుకని అమ్మాయి కొత్తది కొంది: టీవీ కింద పొడుగాటి స్పీకరు, కుర్చీ వెనక తీగల్లేని చిన్నవి రెండు. ఆటపెట్టెకి ఉన్నవి ఎరుపు, తెలుపు, పసుపు తీగలు. కొత్తదానికి ఆ రంధ్రాలే లేవు. మధ్యలో అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి పెట్టాలని కొట్లోవాళ్ళన్నారు, పెట్టాం. పాట వేస్తే ఇల్లంతా మోగింది. ఆట వేస్తే వెనక స్పీకర్లు పలకలేదు.

“ఏమే, వెనకెవరూ రావడం లేదేంటి?” అన్నారు. అంతలోనే ఢీ. ఎనిమిదో స్థానం.

మరుసటి శుక్రవారం దాకా ఆగి, మనామాలో టీవీలు బాగుచేసే నిజామాబాద్ ఆయన్ని పిలిపించాను. తీగలు చూసి నవ్వాడు.

“పెద్దమ్మా, సప్పుడుకు రెండే వైర్లు. ముంగటి రెంటికే సరిపోయె. ఎన్కకు యాడికెళ్లి వస్తది?”

“వచ్చేది బాబూ. పదకొండేళ్ళు విన్నాం.”

“పాతదాని మీద ఏమన్న బటన్ ఒత్తుతుండ్రా?”

“ఎడమ నుంచి నాలుగోది.”

అతని నవ్వు పోయింది. నేలమీద కూర్చుని డబ్బా విప్పాడు. వెనకటి చప్పుడు ఆ రెండు తీగల్లోనే దాగి ఉంటుందట, ఎర్రదాంట్లో ఒకలా, తెల్లదాంట్లో దానికి సరిగ్గా తలకిందులుగా. ఆ నాలుగో బటన్ నొక్కితే పాతది ఆ తేడా పట్టి వెనక్కి పంపేది. ఈ డబ్బా రెంటినీ కలిపేస్తోంది. ఐదు నుంచి ఐదు తీసేస్తే ఎంతో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

“పాత సామాన్ ఏది మరి?”

“పోయిన శుక్రవారం పంపేశాను. గుయ్యిమంటోందని.”

“అయ్యో, అది పెద్ద బీమారేం గాదు. అరగంటల బాగైతుండె.”

మావారు అందుకున్నారు. “నువ్వేం చేస్తావయ్యా. మా ఆవిడ పుస్తకంలో లెక్క సరిగ్గానే ఉంది. వచ్చింది ఒకటి, పోయింది ఒకటి.”

కిందకి దిగి కాపలా మనిషిని అడిగాను. పాత ఇనుము బండిలో ఆ రోజే మామీర్ తుక్కు యార్డుల వైపు పోయిందన్నాడు. “ఖలాస్” అని చేతులు దులిపి చూపించాడు.

ఇరవై ఒకటో తేదీన నిజామాబాద్ ఆయన ఎరుపునీ తెలుపునీ కలపని డబ్బా తెచ్చాడు. ఈసారి ముందు వినిపించిందే వెనక కూడా సన్నగా వినిపించింది. “దీనికి ఇడదీసుడు తెల్వది పెద్దమ్మా” అన్నాడు. పాత యాంప్లిఫయరు కోసం సూక్ బజారులో అతనికి తెలిసిన అంగళ్ళన్నీ తిరిగాడు. దొరకలేదు. టీ కూడా తాగకుండా వెళ్ళాడు.

ఇరవై ఎనిమిదిన నేనే మావారి కుర్చీ వెనక నిలబడ్డాను. తెర పైన ఆటలోనే ఉండే చిన్న అద్దంలో వెనక కార్లు కనిపిస్తాయి. అది ఆయన చూపుకి అందదు గనక నేను చూసి చెబుదామనుకున్నాను.

“ఎడమ! ఎడమండీ!”

“ఏదీ?”

“పోయింది. ఇప్పుడు కుడి...”

నేను చూసి నోరు తెరిచేలోపు కారు దాటిపోయేది. మూడుసార్లు ఆడాం. మూడుసార్లూ ఎనిమిదే.

“చాల్లే, కూర్చో. నీ మోకాళ్ళు పట్టేస్తాయి” అన్నారు. చేతిలోని ఆట మీటలపెట్టెకి దాని తీగ నెమ్మదిగా చుట్టి నాకందించారు. “నీళ్ళ గ్లాసెక్కడ పెట్టావు?”

ఇచ్చి వచ్చి పుస్తకం తెరిచాను.

పోయినవి: యాంప్లిఫయరు ఒకటి. స్పీకర్లు రెండు. వాటి తీగ, పద్దెనిమిది మీటర్లు. మూడో స్థానం. వారానికి ఒక అరగంట.