లంగరు వేయని ఓడ బొమ్మ

సీవర్ట్‌కు చదువు లేదు గానీ, ఓడ మీద ఏ తాడు ఎక్కడ మొదలై ఎక్కడ ముడిపడుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ముప్ఫై ఏళ్ళు చుక్కాని పట్టినవాడు. టెస్సెల్ దీవి దగ్గర తుఫానులో 'నల్లకొంగ' ఓడ ఇసుకమేటకు కొట్టుకుని ముక్కలైతే, ప్రాణాలతో ఒడ్డు చేరింది అతనొక్కడే. సరంగు ఇస్‌బ్రాండ్, అతని సొంత అన్న, తిరిగి రాలేదు.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. సొంతూరు ఎంక్‌హైజన్‌లో ఇస్‌బ్రాండ్‌కు ఆపాటి మర్యాద కూడా దక్కలేదు. తాగి పడుకున్నాడనీ, లంగరే వేయించలేదనీ ఊరంతా కోడై కూసింది. నిజానికి గాలి ముదరకముందే లంగరు దించాడు. తెగింది మోకు. కొత్తది కావాలని వేసవంతా మొత్తుకుంటే, ఓడ యజమాని కోపెన్ పాతదానికే రెండు అతుకులు వేయించి పంపాడు. ఈ సంగతి సీవర్ట్ చెప్పని సారాకొట్టు లేదు. తమ్ముడు అన్నను వెనకేసుకు రాక ఏం చేస్తాడని జనం నవ్వారు.

అలాంటి రోజుల్లో చిత్రకారుడు యోస్ట్ అతణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు. నల్లకొంగ ఆఖరి ఘడియలను పెద్ద బొమ్మగా గీసి కళాసీల సంఘం హాల్లో పెడతారట. కళ్ళారా చూసినవాడు పక్కనుండాలి.

సీవర్ట్‌కు ప్రాణం లేచి వచ్చింది. "మా అన్న లంగరేశాడు. అదొక్కటీ కనబడాల. మోకు తెగి యేలాడతా ఉండాల."

"అట్టాగేలే పెద్దాయనా. ముందు తాళ్ళ సంగతి చెప్పు," అన్నాడు యోస్ట్.

ఆరు వారాలు రోజూ వెళ్ళాడు. ఒక తాడు సన్నగా గీస్తే తిట్టి చెరిపించాడు. గాలి ఇటుంటే జెండా అటెట్టా ఎగురుద్దని కొట్లాడాడు. రంగుల కంపుకు తల తిరుగుతున్నా, ఉప్పుచేపా రొట్టే తెచ్చుకుని అక్కడే తిన్నాడు. ఓడ ముక్కు దగ్గర మాత్రం యోస్ట్ ఖాళీ వదిలాడు, చివర్లో వేస్తానన్నాడు. వెర్రిబాగులవాడు, ఇంతకీ బొమ్మ వేయిస్తున్నదెవరని అడగనేలేదు.

ఆదివారం ప్రార్థన కాగానే హాల్లో తెర తీశారు. అలలు మీదికి వస్తున్నట్టే ఉన్నాయి. ఓడ ముక్కున లంగరు, నీళ్ళలో మునగకుండా, కొత్త మోకుతో భద్రంగా వేలాడుతోంది. బొమ్మ పక్కన నిలబడి కోపెన్ టోపీ తీసి కళ్ళొత్తుకుంటున్నాడు.

"అబద్ధం! లంగరేశాం మేం!" అని అరిచాడు సీవర్ట్.

"యజమాని అట్టా ఏయమన్నాడు పెద్దాయనా," అని యోస్ట్ అతని చెవిలో గొణిగి జారుకున్నాడు.

ఆ ఊళ్ళో ఓడ బొమ్మ అందాన్ని ఎవడూ పట్టించుకోడు. తాళ్ళు సరిచూస్తారు. ముసలి కళాసీ బౌవెన్ ముందుకొచ్చి, ఒక్కో తాడు వెంటా వేలు నడిపించాడు.

"ఒక్క ముడి తప్పు పోలేదురా! ఇన్ని తాళ్ళు సరిగ్గా ఏసినోడు లంగరొక్కటే తప్పేత్తాడా? చూసినోడు దగ్గరుండి చెప్పకపోతే ఇట్టా కుదరదు."

"చెప్పింది సీవర్టేగా!" అన్నారెవరో.

సీవర్ట్ నోరు తెరిచాడు. ఏ తాడు తప్పని చూపిస్తాడు? అన్నీ తను చెప్పినవే.

ఇస్‌బ్రాండ్ భార్య ఆఫ్యే జనంలోంచి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఆరు వారాలు ఆడే కూకున్నావుగదయ్యా మరిదీ. మీ అన్న గురించి నువ్వు చెప్పొచ్చింది ఇదా?"

ఆ తర్వాత సీవర్ట్ పదకొండేళ్ళు బతికాడు. హాలు గడప అతను తొక్కలేదు. వదిన తన గడప అతణ్ణి తొక్కనివ్వలేదు.