మూసీలో పారేయని బిళ్లలు

సహోదరులారా, సరిహద్దులో నలభై మంది శత్రువుల్ని ఒక్కణ్ణే నిలువరించానని మీకు చాలాసార్లు చెప్పాను, ఈ రోజు ఒప్పుకుంటున్నాను, నేను పటాలానికి రొట్టెలు కాల్చిన వంటవాణ్ణి! అయితే మా బండి కింద మందుపాతర పేలిన మాట నిజం, పక్కనున్న ఇద్దరూ పోయిన మాట నిజం, ఆ తర్వాత ఏళ్ల తరబడి చచ్చిపోవాలనే తలంపు నన్ను వదలని మాటా నిజం.

ఆ చీకట్లో ప్రభువు నన్ను పట్టుకున్నాడు. కానీ దిల్‌సుఖ్‌నగర్ మందిరంలో సాక్ష్యం చెబుతూ, ప్రార్థన చేసిన రోజే డాక్టరిచ్చిన బిళ్లలన్నీ మూసీలో పారేశానన్నాను. అందరూ హల్లెలూయ అన్నారు. బిళ్లలు మాత్రం నా చొక్కా జేబులోనే ఉన్నాయి.

ఆ మాట యాదయ్య నమ్మాడు. నల్గొండ మనిషి, నాలాగే మాజీ సైనికుడు, మానసిక డాక్టరు గది ముందు బెంచీ మీద నా పక్కనే కూర్చునేవాడు. అదే బెంచీ మీద కూర్చున్న ఒకాయన ఆత్మహత్య చేసుకున్నాడు, ఇంకొకాయన రోడ్డు ప్రమాదంలో పోయాడన్నారు. ఇద్దరూ మందులు ఆపేసినవాళ్లే.

తెలంగాణ బంద్ రోజున యాదయ్య భార్య ఫోన్ చేసింది. "అన్నా, నీ సాక్ష్యం విన్నకాడ్నుంచి గోలీలు ముడ్తలేడు. పొద్దుగాల్నుంచి గడియ పెట్టుకుండు, పిలిస్తే పలుకుతలేడు!"

వాళ్లుండే ఎల్బీనగర్‌కు బస్సు లేదు, ఆటో లేదు. ఇరవై కిలోమీటర్లు పరుగెత్తాననడానికి ఇప్పుడూ నోరు దురద పెడుతోంది. నాలుగైదే, అదీ మోకాళ్లు పట్టుకుని నడిచాను. కొత్తపేటలో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుతున్నవాళ్లు ఆపారు, నా గుంటూరు యాస విని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, ఒక ప్రాణం పోయేట్టుంది నాయనా అంటే దారిచ్చారు. దారంతా ఒకటే ప్రార్థన: "ప్రభువా, అబద్ధం నాది, శిక్ష అతనికి వేయకు!"

యాదయ్య గది తలుపు కొట్టాను.

"పో సాబ్. నీకు విశ్వాసముండె, తగ్గింది. నాకు లేదు, తగ్గలే."

సహోదరులారా, ఇక దాచలేకపోయాను! జేబులోని బిళ్లల షీటు తీసి తలుపు కిందనుంచి లోపలికి తోశాను. "యాదయ్యా, ఖాళీ గూళ్లు చూడు, పొద్దునది కూడా మింగే వచ్చాను. నేను అబద్ధాలకోరును."

లోపల షీటు తీసిన చప్పుడైంది.

"ఏంది సాబ్, మీ ఆంధ్రోళ్లు యేసు దగ్గర గూడ మోసమేనా?"

గడియ తీశాడు. ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. పక్కింటాయన బండి మీద అప్పుడే దవాఖానకు తీసుకుపోయాం, డాక్టరు మళ్లీ మందులు మొదలుపెట్టాడు, యాదయ్య బతికాడు!

మీలో ఎవరికైనా ఆ తలంపు వస్తే తలుపేసుకోకండి, ఎవరినైనా పిలవండి, ప్రభువును నమ్మండి, డాక్టరిచ్చిన మందూ వేసుకోండి, ఆ డాక్టరు చేతినీ ప్రభువే వాడుకుంటాడు. మహిమంతా దేవునిది. అబద్ధం ఒక్కటే నాది.