స్టేటస్ అంటే ఏంటి టీచర్?

అద్దంకిలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లిషు చెబుతూ, సాయంత్రాలు ఒక మిరప రైతు గారి అమ్మాయికి వాళ్ళింట్లోనే ట్యూషన్ చెప్పేదాన్ని. మాది పక్క ఊరి క్రిస్టియన్ పేట. మా అమ్మ అలాంటి రైతుల చేలల్లోనే కాయలు కోసి నన్ను చదివించింది. ఆ ఇంట్లో నాకు టీ ఎప్పుడూ పేపర్ కప్పులోనే ఇచ్చేవారు. శుభ్రం కోసమేమో అనుకునేదాన్ని.

ఒకరోజు పాఠంలో స్టేటస్ అనే మాట వచ్చింది. "అంటే ఏంటి టీచర్?" అని అడిగింది అమ్మాయి. "సమాజంలో మనిషికున్న హోదా. చదువుతో, ఉద్యోగంతో పెరుగుతుంది" అని చెప్పాను. ఆ మాట నేను నమ్మాను కూడా.

అప్పుడే వాళ్ళమ్మగారు టీ తెచ్చారు. కప్పులు అయిపోయాయట, స్టీలు గ్లాసులో పోశారు. తాగి కింద పెట్టబోతుంటే, "ఆ గ్లాసు మీరే తీసుకెళ్ళండి టీచర్ గారూ. మేం మళ్ళీ వాడుకోం కదా" అన్నారు నవ్వుతూ. చీర పెట్టి పంపుతున్నంత మర్యాదగా అన్నారు.

గ్లాసు పట్టుకుని లేచి తిన్నగా వంటింట్లోకి వెళ్ళాను. సింకులో అచ్చం అలాంటి గ్లాసులే బోలెడు నానుతున్నాయి. నా గ్లాసు వాటి మధ్య పడేసి, చేత్తో అన్నిటినీ కలిపేశాను. "ఇప్పుడు నాదేదో మీరే వెతుక్కోండి" అని వచ్చేశాను.

ట్యూషన్ మానిపించారు. పోతే పోయింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ అసహ్యం వేస్తుంది. ఆ ఇంట్లో ఇప్పుడు ఏ గ్లాసుతో నీళ్ళు తాగుతున్నారో మరి.